ఒకటిన్నర రెట్ల తేడా

డెబ్భైల రెండో సగంలో నేను విజయవాడలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు చెప్పేదాన్ని. భవానీపురంలో రెండు గదుల ఇంట్లో అమ్మా నేనూ ఉండేవాళ్ళం. నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. నేను బీయస్సీ చదువుతుండగానే పోయారు. అమ్మ ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి, అప్పటికి రిటైరై ఏడాదైంది.

నేను పార్ట్ టైము పీహెచ్‌డీకి చేరాను. యూనివర్సిటీ రైల్లో ఎనిమిది గంటల దూరం. అక్కడి మా ప్రొఫెసరుగారు మంచి మనిషే గాని, సెలవుల్లో వచ్చిపోయే లెక్చరరమ్మ పరిశోధన పూర్తి చేస్తుందని ఆయనకి పెద్దగా నమ్మకం లేదు. ఆ సంగతి దాచుకోలేదు కూడా. "సగంలో వదిలేసినా నీకేం నష్టం లేదమ్మా, ఉద్యోగం ఉందిగా," అన్నారు మొదటిరోజే. వదలకూడదని నేను అప్పుడే అనుకున్నాను.

ఆయన నా చేతిలో పెట్టింది పది పేజీల ఫోటోస్టాటు. అమెరికాలో ఒక యాక్సిలరేటర్ దగ్గర నియాన్ కేంద్రకాలను విపరీతమైన వేగంతో యురేనియం కేంద్రకాల మీదికి కొట్టారు. ఢీకొన్న చోట రెండూ ముక్కలై, ప్రోటాన్లూ న్యూట్రాన్లూ చెల్లాచెదురుగా ఎగిరిపోతాయి. అందులో వింతేమీ లేదు. వింతల్లా, వాటితోపాటు చిన్న కేంద్రకాలు కూడా బయటికి రావడం. ఒక ప్రోటానూ ఒక న్యూట్రానూ కలిసిన డ్యూటెరాన్, ఒక ప్రోటాన్ రెండు న్యూట్రాన్లున్న ట్రిటాన్, రెండు ప్రోటాన్లు ఒక న్యూట్రాన్ ఉన్న హీలియం-3. డ్యూటెరాన్ చాలా బలహీనమైన జంట. ఏదైనా గట్టిగా తగిలితే విడిపోతుంది. అంత వేడిలో అది ఎట్లా మిగిలింది?

మిగల్లేదు, తర్వాత పుట్టింది అంటుంది ఆ పేపరు. అంతా పగిలి బయటికి పోతున్న సమయంలో, ఒకే దిక్కుగా దాదాపు ఒకే వేగంతో పక్కపక్కన పోతున్న ప్రోటానూ న్యూట్రానూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వేగాలు ఎంత దగ్గరగా ఉంటే పట్టుకుంటాయన్నది ఒకే ఒక్క సంఖ్య. అది తెలిస్తే, కొలిచిన ప్రోటాన్ల లెక్కలోంచి మిగతావి ఎన్నెన్ని రావాలో కట్టి చెప్పొచ్చు. డ్యూటెరాన్లకి ప్రోటాన్ల లెక్కని వర్గం చెయ్యాలి, మూడు కణాలవాటికి ఘనం చెయ్యాలి. సూత్రం ఇంతే. చదివిన ఆ సాయంత్రం ఇంత పెద్ద గందరగోళానికి ఇంత చిన్న సూత్రమా అని ఆశ్చర్యపోయాను.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ దుప్పటి అంచు కుట్టుకుంటూ విని, "అంత పగిలిపోయాక మళ్ళీ కలుస్తాయా?" అంది.

"అన్నీ కాదమ్మా. పక్కపక్కన పోయేవి కొన్ని."

"ఎన్ని కలుస్తాయో నువ్వు చెప్పాలా?"

"లెక్క కట్టి చెప్పాలి."

"అయితే కట్టు," అంది, దారం కొరికి. ఎందుకు, ఏమిటి, దానివల్ల ఏమొస్తుంది అని నన్ను ఆ నాలుగేళ్ళలో అడగని మనిషి అమ్మ ఒక్కతే.

మొదటి పని గ్రాఫుల్లోంచి సంఖ్యలు తీయడం. పేపర్లో పట్టికలు లేవు, బొమ్మలే. ఫోటోస్టాటులో చుక్కలు కొంత అలుక్కుపోయాయి. నాన్న భూతద్దం పెట్టుకుని ఒక్కో చుక్క ఎత్తునీ స్కేలుతో మూడేసిసార్లు కొలిచి, సగటు రాసుకున్నాను. మూడూ బాగా తేడాగా వస్తే నాలుగోసారి కొలిచేదాన్ని. కణాలు ఎగిరిన ఒక్కో కోణానికో పేజీ చొప్పున నోటుబుక్కు నిండింది. నాలుగు నెలలు పట్టింది. క్రిస్మస్ సెలవులూ అందులోనే పోయాయి.

తర్వాత ప్రోగ్రాము. యూనివర్సిటీ కంప్యూటరు ఒక గదంతా ఆక్రమించి ఉండేది. ప్రోగ్రాములో ఒక్కో వాక్యానికి ఒక్కో అట్టముక్క మీద చిల్లులు కొట్టించి, కట్టకట్టి, కిటికీలో ఇచ్చి రావాలి. ఫలితం మర్నాటికి కాగితాల మీద వచ్చేది. ఒక కార్డులో కామా తప్పినా కట్టకి కట్టంతా తిరిగొచ్చేది. రెండో శనివారాలూ పండగ సెలవులూ చూసుకుని రైలెక్కేదాన్ని. వెళ్ళిన ఆరుసార్లలో నాలుగుసార్లు వట్టి చేతులతో తిరిగొచ్చాను.

మార్చిలో మొత్తానికి ఫలితం వచ్చింది. డ్యూటెరాన్లు సరిపోయాయి. అవి సరిపోయేట్టుగానే ఆ సంఖ్యని ఎంచాం గనక అందులో గొప్పేమీ లేదు. అదే సంఖ్యతో ట్రిటాన్లు కూడా సరిపోయాయి. అప్పుడు మాత్రం ఆ వరసంతా వేలు పెట్టి మళ్ళీ చూసుకున్నాను. ఆ తర్వాతి పేజీ తిప్పాను. హీలియం-3 నా లెక్కలో కొలతకి ఒకటిన్నర రెట్లు వస్తోంది.

ప్రొఫెసరుగారు చూసి, "హీలియంకి ఆ సంఖ్య కొంచెం తగ్గించి వేసుకో. సరిపోతుంది. రాసెయ్యి," అన్నారు.

"ఒక్కోదానికి ఒక్కో సంఖ్య వేసుకుంటూ పోతే ఇక మనం చెప్పిందేముందండీ?"

ఆయన కళ్ళజోడు తీసి నా వంక చూశారు. ఎదురు చెప్పడం నాకది మొదటిసారి. "ప్రోగ్రాములో తప్పుందేమో మరి?"

"ఉండొచ్చండి."

"అయితే వెతుకు. ఏప్రిల్, మే కంప్యూటరు దొరకదు, పరీక్షల ఫలితాల పని ఉంటుంది. జూన్ దాటాక రా."

ప్రోగ్రాము తప్పో కాదో తెలియాలంటే అదే లెక్కని చేత్తో చేసి పోల్చాలి. వెయ్యి పైచిలుకు గుణకారాలు, భాగహారాలు. లాగరిథమ్ పుస్తకం ముందేసుకుని మూడు రోజులు కూర్చున్నాను. మూడో రోజు సరిచూసుకుంటే మొదటిరోజు లెక్కలో తొమ్మిది తప్పులు. ఎండలు ముదిరిపోయాయి. చెమటకి కాగితం మోచేతికి అంటుకుపోతోంది.

అమ్మ వచ్చి పక్కన నిలబడింది. "కాలవల ఆఫీసులో చేత్తో తిప్పే లెక్కల మిషను ఉంటుందంటారే. కంకిపాడు ఆయన ఉన్నారు గదా అక్కడ. వాళ్ళావిడ కాన్పు కష్టమైనప్పుడు పది రోజులు నేనే చూశాను. అడిగి చూద్దాం పద."

ఆయనకి అప్పటికి యాభై దాటాయి. రోజూ కంకిపాడు నుంచి బస్సులో వచ్చేవారు. లాకుల దగ్గర గేజీల మీద చూసిన నీటి ఎత్తులు ఆఫీసుకి కాగితాల మీద వస్తే, వాటిలోంచి ఏ కాలవలో ఎంత నీరు పారుతోందో కట్టడం ఆయన ఉద్యోగం. అమ్మని చూడగానే లేచి నిలబడ్డారు. విషయం విని కాసేపు గడ్డం రుద్దుకున్నారు.

"వేసవిలో కాలవలు కట్టేస్తాం గదమ్మా, మిషనుకీ నాకూ పని తక్కువే. మా ఇంజనీరుగారిని ఒక మాట అడుగుతాను. ఒకటే, ఆఫీసు కాగితం ముక్క కూడా వాడకూడదు. మీ కాగితాలు మీరే తెచ్చుకోవాలి."

ఇంజనీరుగారు ఒప్పుకున్నారు. కాలేజీకి వేసవి సెలవులే గనక, మర్నాటి నుంచి మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా నేనూ అమ్మా ఆ ఆఫీసు వెనక గదిలో. అమ్మ మొదట నాకు తోడుగా వచ్చిందేగాని రెండో రోజుకే పనిలో దిగింది. నోటుబుక్కులోంచి సంఖ్యలు పైకి చదవడం ఆమె పని. ఆస్పత్రిలో జ్వరాలు చదివి వినిపించిన గొంతుతో ఒక్కో అంకెనీ విడదీసి, నిదానంగా చదివేది. ఆయన మిషను మీద మీటలు జరిపి పిడి తిప్పేవారు. నేను రాసుకునేదాన్ని. ప్రతి లెక్కా రెండుసార్లు చేసేవాళ్ళం. రెండోసారి నేను తిప్పేదాన్ని, ఆయన రాసేవారు.

"పిడి అంత గట్టిగా తిప్పకండి మేడమ్. అది బావి గిలక కాదు," అనేవారు. నెల తిరిగేసరికి నా కుడి భుజం రాత్రికి పైకి లేచేది కాదు. అమ్మ కాపడం పెట్టేది. "రేపు మానెయ్" అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.

మే రెండో వారానికి నాలుగు కోణాల లెక్క పూర్తయింది. చేత్తో చేసిందీ కంప్యూటరు చేసిందీ అన్నిచోట్లా కలిశాయి. అంటే ప్రోగ్రాములో తప్పు లేదు. హీలియం మాత్రం ఒకటిన్నర రెట్లు అట్లాగే ఉంది. నేను పెన్ను కింద పెట్టేశాను. నెలన్నర చాకిరీ చేసి, తప్పు ఎక్కడ లేదో తెలుసుకున్నానంతే.

ఆయన నా పట్టికలు తీసుకుని గడి గడికీ వేలు పెట్టి చూడసాగారు. చాలాసేపు చూశారు. "ఒక సంగతమ్మా. ఈ తేడా అన్ని గడుల్లోనూ ఒకే నిష్పత్తిలో ఉంది, చూశారా? ఈ చివరివి వదిలేస్తే ఇక్కడ ఒకటిన్నర, ఇక్కడా ఒకటిన్నర. చేతి తప్పయితే ఇట్లా రాదు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వస్తుంది."

"అవునండి."

"ఈ పై వరసేమిటి?"

"ప్రోటాన్లండి. వాళ్ళు కొలిచినవి."

"మరి న్యూట్రాన్లన్నారే, వాటి వరసేదీ?"

"అవి కొలవలేదండి. వాటికి విద్యుత్తు ఉండదు, పట్టుకోవడం కష్టం. అందుకని ప్రోటాన్లు ఎన్నుంటే న్యూట్రాన్లూ అన్నే అనుకుని..."

ఆయన తలెత్తారు. "గేజి లేని కాలవకి పక్క కాలవ లెక్క రాసినట్టా? రెండు కాలవలూ ఒకటే వెడల్పయితే పరవాలేదు. ఒకటేనా?"

యురేనియంలో ప్రోటాన్లు తొంభై రెండు, న్యూట్రాన్లు నూట నలభై ఆరు. ఏటేటా పిల్లలకి బోర్డు మీద రాసే సంఖ్యలే. నియాన్‌లో పదీ పదీ. అన్నీ కలిపితే నూట రెండు ప్రోటాన్లకి నూట యాభై ఆరు న్యూట్రాన్లు. మిషను నా వైపు లాక్కుని, నూట యాభై ఆరుని నూట రెండుతో భాగించాను. ఒకటి పాయింటు అయిదు రెండు తొమ్మిది.

"ఏమైందే?" అంది అమ్మ నా మొహం చూసి.

"ఒకటిన్నర, అమ్మా."

తర్వాత అరగంటలో చిక్కంతా విడిపోయింది. డ్యూటెరాన్లో న్యూట్రాన్ ఒకటి. దానికి సరిపెట్టి నేను ఎంచిన సంఖ్యలోకి ఆ ఒకటిన్నర తెలియకుండానే దూరిపోయింది. మూడు కణాల లెక్కలో ఆ సంఖ్యని రెండుసార్లు వాడతాం గనక ఒకటిన్నర కూడా రెండుసార్లు పడుతోంది. ట్రిటాన్లో న్యూట్రాన్లు రెండు గనక దానికి రెండుసార్లు పడటం న్యాయమే, అందుకే అది సరిపోయింది. హీలియం-3లో ఉన్నది ఒక్కటే న్యూట్రాన్. దానికి ఒకసారి ఎక్కువ పడింది. సవరించి నాలుగు గడులు అక్కడే కట్టి చూశాం. నాలుగూ కొలతల మీద కూర్చున్నాయి. ఆయన చెప్పిన ఆ చివరి గడుల్లో, నెమ్మదిగా పోయే కణాల దగ్గర, కొంత తేడా మిగిలింది. అది నేను చెరపలేదు. ఎర్ర సిరాతో చుట్టి పెట్టుకున్నాను.

జూన్ దాటేదాకా ఆగలేక మర్నాడే రైలెక్కాను. ప్రొఫెసరుగారు నా కాగితాలు మొదట్నుంచీ చివరిదాకా చదివారు. మధ్యలో ఒకసారి "బాగుంది" అన్నారు. తర్వాత లేచి, ఓడలో వచ్చిన జర్నళ్ళ కట్టలోంచి ఒకటి తీసి, ఒక పేజీ తెరిచి నా ముందు పెట్టారు.

"ఇది నిన్ననే వచ్చింది. చూడమ్మా."

నేను వేసిన సవరణే. అదే నిష్పత్తి, అదే వివరణ. అచ్చయి ఎనిమిది నెలలైంది. సముద్రం దాటి మా దాకా రావడానికి అంత కాలం పట్టింది.

"నీ తప్పేం లేదు," అన్నారు ఆయన, ఎన్నడూ లేనంత మెత్తగా. "సరిగ్గానే కనుక్కున్నావు. కొత్తది మాత్రం కాదు. ఎం.ఫిల్ స్థాయిలో ఒక వ్యాసంగా రాసుకోవచ్చు. ఇక్కడితో ఆపేద్దామన్నా నేను కాదనను."

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఏడవలేదంటే అబద్ధం. నా ఎదుటి బెంచీలో మంగళగిరి చీరల మూటతో కూర్చున్న ఒక పెద్దావిడ, "ఎవరన్నా పోయారామ్మా?" అని అడిగింది. లేదండి అన్నాను. ఆ మాట అన్నాక సిగ్గేసింది. నిజమే, ఎవరూ పోలేదు. నా లెక్క తప్పు కాలేదు. నాకంటే ముందు వేరేవాళ్ళు అక్కడికి చేరారంతే. వాళ్ళు ఎక్కడ ఆగారో చూద్దామని, ఆ పేపరుని చేత్తో రాసుకొచ్చిన కాగితాలు సంచీలోంచి తీశాను. తెనాలి దాటేలోపు రెండుసార్లు చదివాను. వాళ్ళు సవరణ వేసి, సరిపోయిందని చూపించి, అక్కడ ఆపేశారు. వేగాలు ఎంత దగ్గరగా ఉంటే కలుస్తాయన్న ఆ సంఖ్య యురేనియం మీద కొట్టినప్పుడూ అల్యూమినియం లాంటి తేలికదాని మీద కొట్టినప్పుడూ ఒకటేనా, కాదా అని అడగలేదు. ఒకటి కాకపోతే ఎందుకు కాదు?

ఇల్లు చేరి చెప్పులు విప్పకుండానే అమ్మకి జరిగింది చెప్పాను.

"ఇప్పుడేం చేస్తావు?"

"మళ్ళీ మొదట్నించీ. ఈసారి అల్యూమినియం బొమ్మలు."

"భూతద్దం బీరువాలో పెట్టాను," అంది అమ్మ.

ప్రొఫెసరుగారికి ఉత్తరం రాశాను, ఆపనని, ఇది చేస్తానని. పది రోజులకి కార్డు వచ్చింది. "చెయ్యి" అన్న ఒక్క మాట, కింద సంతకం.

జూన్‌లో కాలవలు వదిలారు. ఆఫీసు మిషనుకి పని మొదలైంది. ఇక కుదరదేమో అనుకుంటూ వెళితే కంకిపాడు ఆయన, "పదింటికి గదా ఆఫీసు. నేను ముందు బస్సుకి వస్తాను. ఎనిమిదింటికి రండి," అన్నారు. ఏడాది పాటు అట్లాగే సాగింది. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా మిషను, పదికి కాలేజీలో మొదటి క్లాసు. కాలేజీలో నవ్వుకునేవాళ్ళు. కాలవల ఆఫీసులో అణువులు కొలుస్తోందట అని స్టాఫ్ రూములో ఒకావిడ అంటుంటే విన్నాను. విననట్టే చాక్‌పీసు తీసుకుని క్లాసుకి పోయాను. ఆదివారం ఒక్కరోజు సెలవు. ఆరోజు గుడికి పోయి, మధ్యాహ్నం పడుకుని, సోమవారానికి లేచేవాళ్ళం.

వర్షాకాలంలో ఒక నెల అమ్మకి మలేరియా వచ్చింది. సంఖ్యలు చదివే మనిషి లేక నేనే చదివి, నేనే తిప్పి, నేనే రాసుకున్నాను. తప్పులు పెరిగాయి. ఆ నెల లెక్కంతా తర్వాత కొట్టేసి మళ్ళీ చేశాం.

తేలిందేమిటంటే, సంఖ్య ఒకటి కాదు. బరువైన దాని మీద కొట్టినప్పుడు చిన్నది, తేలికదాని మీద కొట్టినప్పుడు పెద్దది. అంటే యురేనియం విషయంలో కణాలు విడిపోయే చోటు పెద్దది. అవి దూరదూరంగా ఉంటాయి గనక వేగాలు మరింత దగ్గరగా ఉంటేనే కలుస్తాయి. వేగాలను కొలిచిన లెక్కలోంచి, ఎవరూ చూడలేని ఆ చోటు, ఆ మంటముద్ద, ఎంత పెద్దదో అంచనా దొరుకుతోంది. ఇది నేను ఎక్కడా చదివింది కాదు. అదే సమయంలో ఇంకెక్కడో ఇంకెవరో చేస్తూ ఉండొచ్చు. అయినా మేము చేసింది మేము చేసిందే.

థీసిస్ రాసేటప్పుడు కృతజ్ఞతల పేజీలో ప్రొఫెసరుగారి తర్వాత కంకిపాడు ఆయన పేరు, ఆ తర్వాత అమ్మ పేరు పెట్టాను. ప్రొఫెసరుగారు పెన్సిలుతో గీసి, "కాలవల గుమాస్తా ఏమిటమ్మా, చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నారు.

"న్యూట్రాన్ల వరసేదీ అని అడిగింది ఆయనేనండి. నేనూ అడగలేదు, మీరూ అడగలేదు."

ఆయన రబ్బరు తీసుకుని తన గీత తనే చెరిపారు.

వైవాకి వచ్చిన పరీక్షకుడు ఎర్ర సిరాతో చుట్టిన ఆ తేడా గురించే ముప్పావుగంట అడిగారు. నాకు తెలిసినంత చెప్పాను. ప్రోటాన్లు రెండున్న హీలియంకి విద్యుత్తు తోపు ఎక్కువ, నెమ్మదిగా పోయేవాటి మీద అది బాగా కనబడుతుంది, ఎంత అన్నది నా లెక్కలో లేదు, అన్నాను. "తెలియనిది తెలియదని రాశారు, మంచిది," అన్నారు. డెబ్భైలు ముగిసేలోపే డిగ్రీ చేతికొచ్చింది.

ఒక కాపీ పట్టుకుని అమ్మా నేనూ కంకిపాడు వెళ్ళాం. ఆయన భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆయన తన పేరున్న పేజీ చూసుకున్నారు. కండువాతో చేతులు తుడుచుకుని, లోపలి పట్టికలు తెరిచారు. పెన్సిలు అందుకుని వరసగా చూసుకుంటూ పోయారు. మేము మజ్జిగ తాగి, గ్లాసులు కింద పెట్టేదాకా చూస్తూనే ఉన్నారు.

"మేడమ్," అన్నారు చివరికి, "మూడో పట్టికలో ఈ చివరి అంకె ఏడు కాదు, ఎనిమిది. టైపు చేసినాయన పొరబడ్డట్టున్నాడు."

నా నోటుబుక్కు తీసి చూశాను. ఎనిమిదే.

తర్వాతి రెండో శనివారం మళ్ళీ రైలెక్కాను. లైబ్రరీలో ఉన్న కాపీ అడిగి తీసుకుని, ఆ ఏడుని కొట్టేసి పైన ఎనిమిది రాసి, పక్కన పొడి అక్షరాలు వేశాను. వరండాలో ఎదురైన ప్రొఫెసరుగారు సంగతి విని నవ్వారు. "డిగ్రీ వచ్చేసింది గదమ్మా, దీనికోసం ఎనిమిది గంటలు ప్రయాణం చేసి వచ్చావా?"

"అవునండి," అన్నాను. "మీ దగ్గరున్న కాపీ కూడా ఒకసారి ఇస్తారా?"